హ్యాంగ్ ఆన్ అంటే సిస్టమ్ ఆగిపోవడం కాదు: ఫ్రేజల్ వెర్బ్స్‌ను ఎలా పట్టుకోవాలి

బెంగళూరులో నా మొదటి ఉద్యోగం ఫోన్లు ఎత్తే ఉద్యోగం. అనంతపురంలో తెలుగు మీడియం డిగ్రీ చేసి నేరుగా వెళ్లి చేరినవాణ్ణి. నాలుగో రోజో అయిదో రోజో అవతలి నుంచి ఒక పెద్దాయన "కెన్ యూ హ్యాంగ్ ఆన్ ఎ మినిట్?" అన్నాడు. మనకు హ్యాంగ్ అంటే తెలిసింది ఒకటే. ఫోన్ హ్యాంగ్ అవుతుంది, సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. "నో సర్, మై సిస్టమ్ ఈజ్ వర్కింగ్" అన్నా ధైర్యంగా. ఆయన మళ్లీ "ప్లీజ్, జస్ట్ హ్యాంగ్ ఆన్" అన్నాడు. అక్కడెక్కడో ఆయన స్క్రీన్ మీద నా సిస్టమ్ ఆగిపోయినట్టు కనబడుతోందేమో అనుకొని టక్కున రీస్టార్ట్ కొట్టా. కాల్ కట్టయిపోయింది. పక్క సీట్లో కన్నడబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒక్క నిమిషం లైన్లో ఉండు" అన్నాడట ఆ పెద్దాయన, అంతే. తర్వాత టీమ్ లీడర్ పిలిచి ఏమన్నాడో ఇక్కడ రాయను.

హ్యాంగ్ తెలుసు, ఆన్ తెలుసు. రెండూ కలిసేసరికి రెండింటికీ సంబంధం లేని ఇంకో అర్థం వచ్చి కూర్చుంది. క్రియకు అప్, ఆఫ్, అవుట్, ఆన్ లాంటి చిన్న మాట తగిలి ఇలా కొత్త అర్థం పుడితే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఆ చిన్న మాటకు గ్రామర్‌లో పేరు పార్టికల్. నేను తోక అంటాను. బండి తోలేవాళ్లు తోక మెలిపెట్టి ఎద్దును కదిలిస్తారు చూడండి, ఇక్కడా క్రియను కదిలించేది తోకే.

ఇప్పుడు మా అక్క కూతురు బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆ పిల్లకు చెప్పిన వరసలోనే మీకూ చెబుతా.

మొదటి పని: ఆ పీడీఎఫ్ మూసేయండి

"మామా, అయిదొందలున్నాయి. రోజుకు ఇరవై బట్టీ పడితే నెలలో అయిపోతాయి" అంటూ ఫోన్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ పీడీఎఫ్ చూపించింది పిల్ల. పుట్ ఆఫ్, పుట్ ఆన్, పుట్ అవుట్, పుట్ అప్, పుట్ అప్ విత్... అన్నీ వరసగా, పక్కన తెలుగు అర్థం. ఇంతకంటే చెడ్డ పద్ధతి లేదని నా అభిప్రాయం. ఒకే ముఖం ఉన్న అయిదుగురు అన్నదమ్ములను ఒకేసారి పరిచయం చేస్తే పేర్లు గుర్తుంటాయా? మూడో రోజుకు వాయిదా వేయడం ఏదో, మంట ఆర్పడం ఏదో కలగాపులగం అయిపోతాయి.

దాని బదులు ఒక తెల్ల కాగితం తీసుకొని మీ నోట్లో ఇప్పటికే ఉన్నవి రాయండి. బస్సు బ్రేక్‌డౌన్ అయింది. డాక్టర్ దగ్గర చెకప్. సినిమా హాలు ముందు హీరో కటౌట్. ఈ ప్లాన్ వర్కౌట్ కాదు. కాలేజీ డ్రాపౌట్. ఫోన్ బ్యాకప్. లాగిన్, లాగౌట్. పెళ్లిలో మేకప్. ఏ సర్కారు ఆఫీసుకు పోయినా ఫైలు పుటప్ చేశామంటారు. మా పిల్ల కూర్చున్న చోటే పదిహేడు రాసింది. ఏమీ రాదనుకున్న మనిషి!

ఇవన్నీ తోక తగిలిన క్రియల నుంచి పుట్టినవే. కాకపోతే మనం వాడేది నామవాచకంగా. క్రియగా వాడేటప్పుడు రెండు మాటలూ విడిపోతాయి, మొదటిదే కాలాన్ని బట్టి మారుతుంది: "ద బస్ బ్రోక్ డౌన్". రాతలో కూడా లాగిన్ నామవాచకమైతే ఒకే మాట, క్రియైతే మధ్యలో ఖాళీ. పలకడంలోనూ తేడా ఉంది. నామవాచకంలో ఒత్తు ముందు ముక్క మీద పడుతుంది, క్రియలో చాలావరకు తోక మీద పడుతుంది. "బ్రోక్ డౌన్" అన్నప్పుడు డౌన్‌ను కొంచెం గట్టిగా అనండి. మనం తోకను మింగేస్తాం, అందుకే అవతలివాళ్లకు అర్థం కాదు.

రెండో పని: ఒకసారి తెలుగులోకి వచ్చి వెళ్లండి

పడు అనే మాట తీసుకోండి. పడటం అంటే కింద పడటం. మరి నిలబడు? పడటానికి పూర్తిగా ఉల్టా! కనబడు, బయటపడు, వెంటపడు, ఎగబడు, విరుచుకుపడు, వెనకబడు. ఇవి మీకు ఎవరు నేర్పారు? ఏ బళ్లో నేర్పారు? ఎవరూ నేర్పలేదు. వాడుకలో వచ్చేశాయి. పెట్టు కూడా అంతే. అన్నం పెట్టు, పేరు పెట్టు, మొదలుపెట్టు, బయటపెట్టు, ఏడిపించి పెట్టు. అందులో పెట్టేది ఒక్క అన్నమే, మిగతావాటిలో పెట్టేదేమీ లేదు. ఇంగ్లిష్ వాళ్ల పుట్, గెట్, టేక్ కూడా మన పడు, పెట్టు లాంటి అరిగిపోయిన మాటలే. వెనకబడు అన్నదానికైతే వాళ్లదీ ఫాల్ బిహైండే. అక్కడా పడటమే, అక్కడా వెనకే.

మనకు పుట్టుకతో వచ్చిన ఈ మూట బయటివాడికి ఎంత బరువో ఆలోచించండి. 1820లో సి.పి. బ్రౌన్ ఉద్యోగం మీద మా పక్కనున్న కడపకు వచ్చి, అక్కడి పండితుల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత 1840లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు, 1852లో తెలుగు నిఘంటువు తెచ్చాడు. నిలబడులో పడటం ఎక్కడుందని ఆయన ఏ పండితుణ్ణి అడిగి ఉంటాడో! కడపలో ఆయన పేరు మీదున్న గ్రంథాలయం ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఈ అనుమానమే వస్తుంది. ఆయన ఎక్కిన గుట్టనే మనం అటువైపు నుంచి ఎక్కుతున్నాం.

మూడో పని: క్రియను వదిలి తోకను పట్టుకోండి

అసలు పని ఇది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

అప్‌తో మొదలుపెడదాం. అప్ అంటే పైకి, సరే. స్టాండ్ అప్, పిక్ అప్ వరకు పర్వాలేదు. ఈట్ అప్ అంటే పైకి తినడమా? పిల్ల నన్ను అడిగింది ఇదే. అప్పుడు మేం వంటింట్లో ఉన్నాం. దాని పళ్లెంలో సగం సంగటి ముద్ద మిగిలుంది. మా అక్క పొయ్యి దగ్గర నుంచే అరిచింది: "పాపా, ఆ మాటలు తర్వాత, ముందు ముద్ద తినెయ్!"

"అదే ఈట్ అప్" అన్నా.

తిను అంటే తిను. తినెయ్ అంటే మిగల్చకుండా పూర్తి చెయ్. తాగు, తాగెయ్. వాడు, వాడెయ్. ఇంగ్లిష్‌లో డ్రింక్ అప్, యూజ్ అప్. మన చివర వచ్చే ఎయ్ ఏ పని చేస్తుందో అప్ చాలా చోట్ల ఆ పనే చేస్తుంది. క్లీన్ అప్ అంటే ఊడ్చెయ్, ఫినిష్ అప్ అంటే ముగించెయ్, డ్రై అప్ అంటే ఎండిపో. దానంతటదే జరిగే పనికి మనం పో తగిలిస్తాం, వాళ్లకు రెండింటికీ అప్ ఒకటే. ఈ ఒక్క కిటుకుతో అప్ ఉన్నవాటిలో చాలా వాటి ముడి విప్పుకోవచ్చు. అన్నిటికీ పనికిరాదు. గివ్ అప్ అంటే ఇచ్చెయ్ కాదు, చేతులెత్తెయ్. అయినా చూడండి, అక్కడా ఎయ్ వచ్చి కూర్చుంది.

ఆఫ్ స్వభావం తెంపడం, దూరం చేయడం. కట్ ఆఫ్ అంటే తెగ్గొట్టడం. కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. పుట్ ఆఫ్ అంటే ఇవాళ్టి నుంచి దూరంగా జరపడం, అంటే వాయిదా. ఈ కాల్ ఆఫ్‌కూ పుట్ ఆఫ్‌కూ తేడా తెలియక నష్టపోయినవాళ్లున్నారు. ఇంటర్వ్యూ కాల్డ్ ఆఫ్ అంటే ఇంక లేదు. పుట్ ఆఫ్ అంటే ఇంకో రోజు ఉంది, తయారుగా ఉండాలి. బయల్దేరడం కూడా ఉన్న చోటు నుంచి తెగడమే కదా, అందుకే సెట్ ఆఫ్. బస్టాండుకు వెళ్లి సాగనంపడం సీ ఆఫ్. అప్పు తీర్చేసి దాన్నుంచి తెగతెంపులు చేసుకోవడం పే ఆఫ్.

అవుట్‌కు రెండు ముఖాలు. ఒకటి బయటపడటం: ఫైండ్ అవుట్, కమ్ అవుట్. రెండోది అయిపోవడం: రన్ అవుట్, సెల్ అవుట్. క్రికెట్ రనౌట్ మాత్రం వేరు, దాన్ని ఇక్కడికి లాక్కురాకండి.

డౌన్ అంటే తగ్గడం, ఆగడం, కాగితం మీదకు దించడం. స్లో డౌన్, బ్రేక్ డౌన్, నోట్ డౌన్. టర్న్ డౌన్‌కు రెండున్నాయి: టీవీ సౌండ్ తగ్గించడం ఒకటి, వచ్చిన సంబంధాన్నో ఉద్యోగాన్నో కాదనడం ఇంకొకటి. ఆన్ చాలా చోట్ల వదలకుండా సాగడం: గో ఆన్, క్యారీ ఆన్, హోల్డ్ ఆన్. హ్యాంగ్ ఆన్ కూడా ఈ గుంపులోదే. వేలాడుతూనే ఉండు, వదలకు, లైన్లోనే ఉండు. ఆ రోజు నాకు ఈ ముక్క తెలిసుంటే సిస్టమ్ రీస్టార్ట్ చేసేవాణ్ణి కాదు.

ఓవర్ దగ్గర ఒక గుంత ఉంది. లుక్ ఓవర్ అంటే ఒకసారి పైపైన చూసి పరిశీలించడం. అవే రెండు ముక్కలను తిరగేసి ఓవర్‌లుక్ అంటే చూడకుండా వదిలేయడం, లేదా చూసీ చూడనట్టు పోనివ్వడం. బిల్లులు లుక్ ఓవర్ చేయమని పై ఆఫీసరు మెయిల్ పెడితే వదిలేయమన్నాడేమో అనుకున్నారో, పని అయిపోయినట్టే.

నాలుగో పని: మన ఊరి కథ ఒకటి ఈ మాటల్లో చెప్పండి

అర్థం తెలిసిన మాట నోటికి రావాలంటే దానికి ఒక కథ ఉండాలి. పుస్తకాల్లో ఉదాహరణలు జాన్, మేరీల చుట్టూ తిరుగుతాయి. జాన్ ఎవరో మనకేం తెలుసు? నేను పిల్లకు మా పెదనాన్న కథ చెప్పా. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేదే 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. అదీ సరిగ్గా విత్తనం వేసే వేళకు రాదు. ఒక్కో వాక్యం గట్టిగా చదవండి.

"ద రెయిన్స్ హెల్డ్ ఆఫ్." వాన పడలేదు. మబ్బు వచ్చి కూడా దూరంగానే ఆగింది, అది ఆఫ్.

"ద బోర్‌వెల్ డ్రైడ్ అప్." బోరు ఎండిపోయింది.

"ద మోటార్ బర్న్‌ట్ అవుట్." మోటారు కాలిపోయింది. పూర్తిగా అయిపోయింది కాబట్టి అవుట్.

"ద మనీ ర్యాన్ అవుట్." డబ్బు అయిపోయింది.

"హీ సోల్డ్ ఆఫ్ ద బుల్లక్స్." ఎద్దుల్ని అమ్మేశాడు. వదిలించుకున్నాడు కాబట్టి ఆఫ్. వదిలించుకున్నాడని రాశా గానీ, అవి పోయిన రోజు ఆయన అన్నం తినలేదు.

"హీ సెట్ ఆఫ్ ఫర్ బెంగళూరు." 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఒక సంచి.

"హీ టుక్ అప్ ఎ వాచ్‌మన్స్ జాబ్." పనిలో చేరాడు.

"హీ పెయిడ్ ఆఫ్ ద లోన్." అప్పు తీర్చేశాడు.

"హీ కేమ్ బ్యాక్." వెనక్కి వచ్చాడు. మళ్లీ శెనక్కాయే వేశాడు. దానికి ఇంగ్లిష్‌లో ఏమంటారో నాకు తెలియదు, తెలుగులో మొండితనం అంటారు.

తొమ్మిది ఫ్రేజల్ వెర్బ్స్. పిల్ల ఒక్కసారి విని మర్నాడు అన్నీ తప్పు లేకుండా అప్పజెప్పింది. పీడీఎఫ్‌లో ఇరవై నేర్చుకోవడానికి దానికి మూడు రోజులు పట్టింది, నాలుగో రోజుకు పదకొండు మర్చిపోయింది. మీ ఇంట్లోనూ ఇలాంటి కథ ఉంటుంది. అది రాసుకోండి.

అయిదో పని: ఇట్‌ను మధ్యలో కూర్చోబెట్టండి

మనవాళ్లు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడ. స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్ అనొచ్చు, స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్ అనొచ్చు. రెండూ ఒప్పే. కానీ ఫ్యాన్ పేరు తీసేసి ఇట్ అంటే మాత్రం అది మధ్యలోకే రావాలి. స్విచ్ ఇట్ ఆఫ్. స్విచ్ ఆఫ్ ఇట్ అనకూడదు. హిమ్, హర్, దెమ్, మీ, అన్నిటికీ ఇదే పద్ధతి. పొట్టి మాట కాబట్టి ఇద్దరు పెద్దోళ్ల మధ్య ఇరుక్కొని కూర్చోవాలి, బస్సులో చిన్నపిల్లాడి మాదిరి.

అన్నీ ఇలా విడిపోవు. లుక్ ఆఫ్టర్ విడిపోదు: ఐ లుక్ ఆఫ్టర్ హర్. రన్ ఇంటూ (అనుకోకుండా ఎదురుపడటం), గెట్ ఓవర్ (కోలుకోవడం) కూడా విడిపోవు. ఏది విడుతుందో ఏది విడదో చెప్పే ఒక్క సూత్రం నాకు దొరకలేదు. డిక్షనరీ చూడటమే. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన మంచి డిక్షనరీల్లో పుట్ గురించి అంతా రాశాక, చివర్లో పుట్ ఆఫ్, పుట్ అవుట్ వేరుగా ఉంటాయి. విడిపోయేవైతే మధ్యలో సమ్‌థింగ్ పెట్టి చూపిస్తారు. మనవాళ్లు మొదటి అర్థం చూసి మూసేస్తారు, అంత దూరం పోరు.

మూడు మాటలవి ఎప్పుడూ విడిపోవు అనుకుంటే పెద్దగా తప్పు పోదు. పుట్ అప్ విత్ అంటే భరించడం, రన్ అవుట్ ఆవ్ అంటే నిండుకోవడం. లుక్ ఫార్వర్డ్ టు తర్వాత మీట్ అనకుండా మీటింగ్ అనాలి. అప్లికేషన్ చివర అందరూ రాసే వాక్యం అది, అందరూ తప్పు రాసేదీ అదే.

ఆరో పని: చుట్టూ ఏముందో చూసి అర్థం తేల్చండి

ఒకే ఫ్రేజల్ వెర్బ్‌కు నాలుగైదు అర్థాలుంటాయి. ఓర్వకల్లు విమానాశ్రయంలో విమానం టేకాఫ్ అవుతుంది. మంత్రాలయంలో గుడి ముందు చెప్పులు టేక్ ఆఫ్ చేస్తాం. శుక్రవారం టేక్ ఆఫ్ చేస్తే సెలవు పెట్టినట్టు. బొరుగులతో చేసే ఉగ్గాని అమ్మే బండి టేక్ ఆఫ్ అయిందంటే ఎగిరిపోయినట్టు కాదు, వ్యాపారం బాగా అందుకుందని. అర్థం తేల్చేది పక్కనున్న మాట. అందుకే ఫోన్‌లో అనువాదం చూసేటప్పుడు రెండు మాటలే కొట్టకండి, వాక్యం మొత్తం కొట్టండి.

మన దేశంలో చెల్లి బయట చెల్లని నోట్లు కొన్ని ఉన్నాయి. ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019 అని మనం రాస్తే డిగ్రీ పూర్తయిందని మనవాళ్లకు అర్థమవుతుంది. అమెరికా వాడికి మాత్రం 2019లో మీరు స్పృహ తప్పి పడిపోయినట్టు వినబడుతుంది. గ్రాడ్యుయేటెడ్ అనండి, గొడవ ఉండదు. కోప్ అప్ విత్ అనేది అసలు లేదు, కోప్ విత్ చాలు. ఫామ్‌ను మనం ఫిల్ అప్ చేస్తాం. బ్రిటన్‌లో ఫిల్ ఇన్ అంటారు, అమెరికాలో ఫిల్ అవుట్ అంటారు. లోపలికి అన్నా బయటికి అన్నా ఒకే ఫామ్, ఒకే పని! ఈ భాష మీద కోపం వచ్చినప్పుడు ఈ ముక్క తలుచుకోండి, వాళ్లకూ లెక్క లేదని అర్థమవుతుంది.

ఏడో పని: ఎక్కడ వాడకూడదో తెలుసుకోండి

1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. ఆ తర్వాత కోర్టుల్లోకి, చదువుల్లోకి ఫ్రెంచి, లాటిన్ మాటలు దిగాయి. ఊళ్లోవాళ్ల నోట్లో పాత పుట్, గెట్, లుక్ అట్లే ఉండిపోయాయి. అందుకే ఒక పనికి రెండేసి మాటలు. పోస్ట్‌పోన్ అన్నా పుట్ ఆఫ్ అన్నా ఒకటే, టాలరేట్ అన్నా పుట్ అప్ విత్ అన్నా ఒకటే, ఇన్వెస్టిగేట్ అన్నా లుక్ ఇంటూ అన్నా ఒకటే. మనకు సంస్కృతం మాట, తెలుగు మాట ఉన్నట్టే. "ప్రారంభించితిమి" అని ఇంట్లో అనం, "మొదలుపెట్టినాం" అని కలెక్టరుకు అర్జీ రాయం. అదే కొలత ఇక్కడా. బ్యాంకు మేనేజరుకు ఉత్తరం రాస్తే పోస్ట్‌పోన్, స్నేహితుడికి మెసేజ్ పెడితే పుట్ ఆఫ్. తెలుగు మీడియం వాళ్లం బరువైన మాటలు ముందు నేర్చుకుంటాం కాబట్టి మాట్లాడితే అర్జీ చదివినట్టుంటుంది.

ఇక నోటుబుక్కు. తోకకు ఒక పేజీ కేటాయించండి: అప్ పేజీ, ఆఫ్ పేజీ, అవుట్ పేజీ. రోజుకు రెండు, అంతకు మించి వద్దు. పక్కన అర్థం రాయకండి, ఆ రోజు మీ ఇంట్లో జరిగినదాన్ని వాక్యంగా రాసి పైకి చదవండి. గ్యాస్ అయిపోయిందా? "ది గ్యాస్ ర్యాన్ అవుట్." కరెంటు పోయి మిక్సీ ఆగిందా? రాయండి. తప్పు పోతే పోనీ.

మా పిల్ల మూడో నెలలో ఉంది. మొన్న రాత్రి ఎనిమిదింటికి కర్నూలు నుంచి వస్తూ మెసేజ్ పెట్టింది: "మామా, బస్ బ్రోక్ డౌన్ నియర్ గుత్తి. విల్ టర్న్ అప్ లేట్. పిక్ అప్ మీ."

"పిక్ మీ అప్" అని తిరిగి కొట్టి, బండి తాళాలు తీసుకొని బస్టాండుకు బయల్దేరా.